చేదెక్కని సీతాఫలం కోసం రాయదుర్గం దాకా

సీతాఫలం గుజ్జును పొయ్యి మీద పెట్టకూడదు. మా అనంతపురం జిల్లాలో ఈ సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. పచ్చిగా తింటే తేనె, సెగ తగిలిందంటే చేదు. మామిడికి తాండ్ర ఉంది, జామకు జెల్లీ ఉంది, సీతాఫలానికి మాత్రం పండిన రోజు తినేయడం తప్ప వేరే గతి లేదు. ఆ చేదు ఎక్కడి నుంచి వస్తుందో, గుజ్జు గాలి తగలగానే ఎందుకు నల్లబడుతుందో తేల్చడానికి నేను ఇరవై ఆరేళ్ళుగా జీతం తీసుకుంటున్నాను. పండ్ల తోటల పరిశోధన కేంద్రంలో నాది చెట్టు ఒంట్లో జరిగే రసాయనాన్ని చూసే ఉద్యోగం. ఇన్నేళ్ళలో చేదు గురించి చాలా తెలిసింది గాని, చేదెక్కని చెట్టు ఒక్కటి కూడా దొరకలేదు.

పోయిన కార్తీకంలో మా తమ్ముడి కూతురు లావణ్య హైదరాబాదు నుంచి ఫోన్ చేసింది. అక్కడి రాయదుర్గంలో తను పనిచేసే ఆఫీసు టవర్లో యాదమ్మ అని ఒకామె ఊడ్చి తుడిచే పని చేస్తుందట. ఆమె సీతాఫలం పాయసం వండి తెచ్చిందట, అది చేదు లేదట. అయితే పాయసంలో సీతాఫలం లేదు, లేదంటే నీకు నాలుక లేదు అన్నాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, మా ఇంట్లో అందరికీ అలవాటే. లావణ్య యాదమ్మనడిగి, ఆ గుజ్జు తీసిన చెట్టు కాయలు ఆరు బస్సు పార్శిల్లో పంపింది. ల్యాబులో గుజ్జు తీసి సన్నటి సెగ మీద పెట్టాను. పది నిమిషాలు, ఇరవై నిమిషాలు. చెంచాతో నాలుక మీద వేసుకుంటూ చేదు కోసం కాచుకుని కూర్చున్నాను. రాలేదు. ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను, పక్క గదిలోని అటెండరు వచ్చి చూసి వెళ్ళాడు.

గింజలు నాటితే మొలుస్తాయి గాని, సీతాఫలం గింజకు తల్లి గుణం వస్తుందన్న నమ్మకం లేదు. ఆ చెట్టే కావాలంటే ఆ చెట్టు పుల్ల తెచ్చి మరో మొక్కకు అంటు కట్టాలి. మాఘ మాసంలో తెచ్చుకుందాంలే అనుకుని నింపాదిగా ఉన్నాను. ఇంతలో లావణ్య మళ్ళీ ఫోన్ చేసింది. ఆ చెట్టు టవరు ఆవరణలో ఒక మూల బండ పక్కన ఉంది. కార్లు దిగే ర్యాంపు వెడల్పు చేస్తున్నారట. రెండు వారాల్లో, గురువారం నాడు, చెట్టు తీసేస్తారట.

ఆ వారం సోమవారానికే వస్తానని చెప్పి, ఒక పని పురమాయించాను. సీతాఫలంలో మొగ్గ బయటికి కనబడదు, ఆకు కాడ అడుగున దాక్కుని ఉంటుంది. ఆకు పోతేగాని దానికి వెలుతురు అందదు. అందుకని పుల్ల కోసే పది రోజుల ముందు మేం ఆకును గిల్లేసి కాడను మాత్రం కొమ్మకే వదిలేస్తాం. కాడ ఎండి దానంతటదే రాలుతుంది, కింద మొగ్గ ఉబ్బుతుంది. అలాంటి పుల్ల అయితేనే అంటు బాగా అతుకుతుంది. లావణ్యకు ఆ పది రోజులూ ఇంటి నుంచే పని. యాదమ్మకు ఫోన్లో చెప్పించాను, మంచి కొమ్మలు చూసి ఆకులు గిల్లమని, కాడలు వదిలేయమని. మా కేంద్రంలో మనుషులకు అంత చెబితే చాలు. నా తప్పంతా అక్కడే ఉంది.

మూసాపేట

లావణ్య మూసాపేటలో మరో ఇద్దరు అమ్మాయిలతో కలిసి మూడో అంతస్తులో అద్దెకుంటుంది. సోమవారం పొద్దున్నే బస్సు దిగి వెళ్ళేసరికి వాళ్ళింటి కింద, మెట్రో మెట్ల దగ్గరే, ఒక టిఫిన్ బండి ఉంది. మా ఊళ్ళో ఆ వేళకు ఉగ్గాని, బజ్జీ లేనిదే తెల్లారదు. ఉగ్గాని ఉందా అని అడిగితే బండి ఆమె గరిటె ఆపి, అదేందమ్మా అని నన్నే అడిగింది. మరమరాలు నానబెట్టి పోపు వేస్తామని చెప్పాను. నానబెట్టిన మరమరాలా అని జాలిగా చూసి నాలుగు ఇడ్లీలు పెట్టింది, నలభై రూపాయలు. పల్లీ చట్నీ అడక్కుండానే రెండోసారి పోసింది. ఇడ్లీ గురించి ఫిర్యాదు లేదు, ఆ జాలి మాత్రం నాకు నచ్చలేదు.

లావణ్య చదువుకునే రోజుల్లో సెలవులన్నీ మా ఇంట్లోనే గడిపింది. ల్యాబులో పండ్ల బరువు తూచడం దానికి ఆట. ఇప్పుడు మెళ్ళో ఆఫీసు కార్డు వేసుకుని, అత్తా నా వెనకే రా, తప్పిపోతావు అంటూ మెట్రో మెట్లెక్కించింది. పైన తనిఖీ దగ్గర నా సంచి మిషన్లోకి వెళ్ళి ఆగిపోయింది. అక్కడున్న సెక్యూరిటీ అమ్మాయి సంచి తెరిచి, తడి నాచు పొట్లం, ప్లాస్టిక్ పట్టీలు పక్కన పెట్టి, అడుగు నుంచి నా అంటు కత్తి తీసింది.

"గిది లోపలికి రానియ్యరమ్మా," అంది.

ఆ కత్తి నా దగ్గర ఇరవై రెండేళ్ళుగా ఉంది. చెట్లకు అంటు కట్టే కత్తి అని, దీనితో ఇంతవరకు ఎవరికీ ఏమీ కాలేదని వివరించాను. ఆ అమ్మాయి ఓపిగ్గా అంతా విని, మళ్ళీ అదే మాట అంది. వెనక వరస పెరిగిపోతోంది. చివరికి కిందికి దిగి ఇడ్లీ బండి ఆమెకు కత్తి అప్పజెప్పి, సాయంత్రం తీసుకుంటాను, పదును జాగ్రత్త అని చెప్పి మళ్ళీ పైకెక్కాను.

అమీర్‌పేటలో రైలు మారాలి. అక్కడ జనం నన్ను మోసుకెళ్ళి రెండో రైల్లో పెట్టారు, నేను నడిచిందేమీ లేదు. మా బస్సుల్లో అయితే రెండు స్టాపులు దాటేలోపు ఏ ఊరు, ఎవరి తాలూకు, పిల్లలెంత మంది అన్నీ అడిగేస్తారు. ఇక్కడ అందరూ ఫోన్లలోకి చూస్తూ మౌనంగా ఉన్నారు. ఉండబట్టలేక పక్కనున్న అమ్మాయిని నేనే పలకరించాను. కరీంనగర్ పిల్ల. నేను మొక్కల పని చేస్తానని చెప్పగానే ఫోన్లో ఒక ఫోటో చూపించింది. బాల్కనీలో మనీప్లాంట్ పసుపెక్కి ఉంది. రోజూ నీళ్ళు పోస్తున్నానండీ, అయినా గిట్లైతుంది అంది. రోజూ పోస్తున్నావు కాబట్టే, వేళ్ళకు ఊపిరాడట్లేదు, వారం రోజులు దాని జోలికి పోకు అన్నాను. అప్పటిదాకా మౌనంగా ఉన్న ఎదుటి సీటాయన వాళ్ళింటి తులసి గురించి అడిగాడు. రాయదుర్గం వచ్చేలోపు నలుగురి కుండీలకు మందు చెప్పాను.

రాయదుర్గం, గుంత ముందు

టవరు కింద విశాలమైన హాలు. నేల అద్దంలా మెరుస్తోంది. నా ఫోటో తీసి, మెళ్ళో విజిటర్ అట్ట వేసి కూర్చోమన్నారు. సోఫాల పక్కన వరసగా డాలియా కుండీలు, ఒక్కో పువ్వు అన్నం పళ్ళెమంత. మా ఎండలకు డాలియా ఇంత బాగా రాదు. లావణ్య యాదమ్మను పిలుచుకొచ్చేదాకా ఆ పూలు చూస్తూ కూర్చున్నాను.

యాదమ్మకు యాభై దాటి ఉంటాయి. నీలం రంగు కోటు, జేబులో గుడ్డ, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నమస్తే పెట్టి, రాండ్రి మేడమ్ అని ముందు నడిచింది. బండ దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ చెట్టు లేదు. మనిషి లోతు గుంత ఉంది, చుట్టూ ఎర్ర రంగు రిబ్బను కట్టి ఉంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో అక్కడ తెలిసింది. పట్టుకుందామన్నా ఆ గుంతలో ఆకు లేదు. గురువారం అన్నారు కదా అని లావణ్యను అడిగాను. దానికీ తెలియదు, అదీ నాతో పాటే చూస్తోంది.

యాదమ్మే చెప్పింది. నేను చెప్పినట్టే ఆకులు గిల్లింది. కాని మంచి కొమ్మలేవో ఆమెకు తెలియలేదు. తెలియనప్పుడు ఒకటి గిల్లి ఒకటి వదిలితే వదిలిందే మంచిదైతే ఎట్లా అని భయపడింది. డ్యూటీ ఎక్కకముందు, నాలుగు పొద్దుల పాటు, ప్లాస్టిక్ స్టూలు వేసుకుని చెట్టు మొత్తానికి ఆకులు గిల్లేసింది. ప్రతి ఆకుకూ కాడ వదిలింది. రోజూ నీళ్ళు పెట్టే ఆఫీసు తోటలో ఎప్పుడూ పచ్చగా ఉండే చెట్టు నాలుగు రోజుల్లో మోడైపోయింది. తోటమాలి నర్సింలు కిందటి వానాకాలంలోనే పనిలో చేరాడు, ఆ చెట్టు మోడుగా ఉండడం ఎప్పుడూ చూసినవాడు కాదు, ఎండిపోయిందనుకుని పైవాళ్ళకు చెప్పాడు. ఎండిన చెట్టు కార్ల మీద పడుతుందని పైవాళ్ళు గురువారం దాకా ఆగకుండా శనివారమే మిషన్ తెప్పించి వేళ్ళతో సహా పెకిలించారు. కొమ్మలన్నీ అక్కడికక్కడే పొట్టు చేసే బండిలో వేశారు. శనివారం మధ్యాహ్నం యాదమ్మ డ్యూటీ పదకొండో అంతస్తులో. కిందికి దిగేసరికి గుంత మిగిలింది. ఫోన్లో చెప్పడానికి ఆమెకు ధైర్యం చాల్లేదట.

"ఏది మంచి కొమ్మనో నాకేమెర్క మేడమ్? నాకైతే అన్ని మంచియే అనిపిచ్చినయి," అంది. "నా చేతులతోని నేనే సంపిన."

ఆ మాటకు నేను వెంటనే, కాదమ్మా, తప్పు నాది అనాల్సింది. అనలేదు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు లావణ్య మీద పడ్డాను. రోజూ ఆఫీసుకు వచ్చి చూసుకోలేకపోయావా, పది రోజులు మంచం మీద కూర్చుని లాప్‌టాప్ నొక్కుతావా అని నలుగురిలో కేకలేశాను. అది తల దించుకుని నిలబడింది. చిన్నప్పుడు పండు కిందపడేసినప్పుడు కూడా అట్లాగే నిలబడేది.

నర్సింలు కూడా వచ్చాడు. మెదక్ వైపు మనిషి, సన్నగా, చేతిలో కత్తెరతో. కొమ్మలేమైనా మిగిలాయా అని అడిగితే అన్నీ బండిలోనే పోయాయని చెప్పాడు. "ఎండిన కొమ్మ కనబడితే సూపర్‌వైజర్ ఫోటో తీసి గ్రూపుల ఏస్తడు మేడమ్. దానికి పానం ఉందని నాకు తెల్వకపాయె," అన్నాడు. చెట్టు పొట్టు ఎక్కడ పోశారని అడిగాను. చూపించాడు. పిడికెడు తీసి వాసన చూశాను. సీతాఫలం ఆకు వాసన రాలేదు, తడి కర్ర వాసన వచ్చింది.

సాయంత్రం మూసాపేటలో దిగి కత్తి కోసం వెళితే బండి ఆమె దాన్ని శుభ్రంగా కడిగి, కాగితంలో చుట్టి ఇచ్చింది. ఉల్లిగడ్డలు మస్తుగ కోస్తుందమ్మా, ఎక్కడ కొన్నవు అని అడిగింది. వేరే రోజైతే నేను ఏమనేదాన్నో నాకు తెలుసు. ఆ రోజు మాత్రం, మంచిదేలే, దేనికో ఒకదానికి పనికొచ్చింది అని తీసుకున్నాను.

టవర్ల వెనక గల్లీ

మంగళవారం తిరుగు ప్రయాణం పెట్టుకుందామనుకుంటే టికెట్టు బుధవారం రాత్రికే దొరికింది. లావణ్య నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతోంది. నేనూ బెట్టుగానే ఉన్నాను. మధ్యాహ్నం దాని ఫోన్‌కు యాదమ్మ మెసేజి వచ్చింది. మేడమ్‌ను అన్నానికి తోలుకరమ్మని.

టవర్ల వెనక నాలుగు అడుగులు వేస్తే పాత ఊరు ఉంది. ఒక పక్క అద్దాల గోడ, ఇంకో పక్క గోడకు పిడకలు కొట్టిన గల్లీ. యాదమ్మ ఇక్కడే పుట్టింది, ఇక్కడే మెట్టింది. ఇప్పుడుంటున్నది కిరాయి గది. టవర్లు రాకముందు ఇక్కడంతా గుట్టలట, గుట్టల మీద ఎవరూ నాటని సీతాఫలం పొదలట, వాటిలో మిగిలింది ఆ బండ పక్కదేనట. వాళ్ళమ్మ తెల్లారేలోపు కాయలు తెంపి గంపలో బజారుకు మోసుకెళ్ళేదట. పిల్లలు కన్ను విచ్చిన కాయ ఎక్కడుందో వెతికి ఆమెకు చూపించేవాళ్ళట. కాయ మీద గడుల మధ్య పసుపు గీత పడితే కన్ను విచ్చింది అంటారు, మా వైపూ అదే మాట. ఆ ఒక్క మాటతో నాకు ఆమె ఇల్లు సొంత ఇల్లైపోయింది.

జొన్న రొట్టె, పచ్చి పులుసు, వంకాయ కూర పెట్టింది. మేం జొన్న రొట్టెకు పల్లీల పొడి వేసుకుంటాం, పచ్చి పులుసు మా ఇళ్ళల్లో అంతగా చెయ్యరు. రెండుసార్లు అడిగి పోయించుకున్నాను. తిన్నాక ఒక చిన్న గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. తెల్లటి పాయసం. కార్తీకంలో తీసిన గుజ్జు డబ్బా ఒకటి లావణ్య వాళ్ళ ఫ్రీజర్లో యాదమ్మ దాచిపెట్టించిందట. యాదమ్మ వాళ్ళమ్మ ఆఖరి రోజుల్లో పళ్ళు లేక, నోట్లోకి ఏదీ పోక, ఇది ఒక్కటే తాగేదట. ఏటా ఒక డబ్బా అట్లా దాచిపెట్టడం అప్పటి నుంచి అలవాటు. ఇదే ఆఖరి డబ్బా.

నేను చెంచా కింద పెట్టేశాను. ఆఖరిది నాకెందుకు పెట్టావమ్మా అన్నాను.

"ఇంగ దీన్ని తెలిసి తినేటోళ్ళు ఎవరున్నరు?" అంది.

అప్పుడు చెప్పాను. చెట్టును ఆమె చంపలేదని, నేను ఫోన్లో సగం చెప్పి ఊరుకున్నానని, ఎన్ని కొమ్మలు, ఎంత లావువి అని చెప్పి ఉంటే ఆమె అంతే చేసేదని. ఇరవై ఆరేళ్ళు పనిచేసిన దాన్ని, చూడని మనిషికి చూడని పని ఎట్లా చెప్పాలో తెలియలేదని. లావణ్య నా వీపు మీద చెయ్యి వేసింది. నిన్నటి నుంచి అది నన్ను ముట్టుకోవడం అదే మొదలు. దానికి క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు, నా గిన్నెలో సగం దాని గిన్నెలో పోశాను. దానికి అర్థమైంది.

పాయసం తియ్యగా ఉంది. ఎక్కడా చేదు లేదు. మా ల్యాబులో అంత మంచి సీతాఫలం గుజ్జును నేనెప్పుడూ రుచి చూడలేదు. వచ్చేటప్పుడు యాదమ్మ బొట్టు పెట్టి, మేడమ్ అనడం మానేసి, మళ్ళ రా అక్కా అంది.

మళ్ళీ డాలియాల దగ్గర

బుధవారం మధ్యాహ్నం లావణ్య నన్ను ఆఫీసు క్యాంటీన్‌లో భోజనానికి రమ్మంది. రాజీకి అది దాని పద్ధతి. అదే హాలు, మళ్ళీ ఫోటో, మళ్ళీ అట్ట, అదే సోఫా. యాదమ్మ హాలు తుడుస్తోంది. నన్ను చూసి నవ్వి, కుండీల కింద గుడ్డ పెడుతూ ఒక్కొక్కటే జరుపుకుంటూ వస్తోంది. నాలుగో కుండీ దగ్గర ఆగింది. వంగి చూసింది. మోకాళ్ళ మీద కూర్చుంది.

"అక్కా, జర ఇటు రా," అంది. గొంతు మారిపోయింది.

వెళ్ళాను. డాలియా పూలు బరువుకు వాలిపోతాయి కదా, వాటికి ఊతంగా కుండీలో ఒక పుల్ల గుచ్చి దారంతో కట్టి ఉంది. యాదమ్మ వేలు ఆ పుల్ల మీద ఉంది. పుల్ల పొడవునా వరసగా, గోరంత గోరంత ఎండు కాడలు.

"ఆకు గిల్లి కాడ ఇడిచింది నేనే," అంది. "ఇంగెవరు ఇట్ల గిల్లుతరు?"

నాకు కళ్ళద్దాలు తీయాలో పెట్టుకోవాలో తెలియలేదు. నేల మీద బోర్లా పడుకున్నంత పని చేశాను. కొన్ని కాడలు రాలిపోయాయి. రాలిన చోట, బూడిద రంగు నూగుతో, మొగ్గ. ఉబ్బిన మొగ్గ, మినప గింజంత. ప్రాణంతో ఉంది. తడి మట్టిలో నిలబడి, వెలుతురు తగిలి, నేను పన్నెండు రోజుల ముందు ఫోన్లో ఏం కోరుకున్నానో అదే చేస్తోంది. సోమవారం నేను ఈ కుండీల పక్కనే కూర్చుని పూలు ఎంత బాగున్నాయో అనుకున్నాను. పువ్వు చూశాను గాని పుల్ల చూడలేదు.

నర్సింలును పిలిపించాం. ఏ చెట్టు కొట్టినా బండిలో వేయకముందు పెన్సిలంత లావున్న తిన్నటి పుల్లలు ఏరి పెట్టుకోవడం అతనికి అలవాటు. బజారులో వెదురు పుల్లలు కొనిపెట్టేవాళ్ళు లేరు మరి. ఊతానికి ఏ లావు కావాలో అంటుకూ అదే లావు కావాలి. అట్లా నేను కోద్దామనుకున్న పుల్లలే అతను ఏరుకున్నాడు. కొమ్మలేమైనా మిగిలాయా అని నేనడిగినప్పుడు ఈ పుల్లలు అతనికి గుర్తే రాలేదు, కుండీలో గుచ్చాక అవి డాలియాలవి. ఇప్పుడు తల పట్టుకుని నిలబడ్డాడు. కుండీలు ఎన్నని అడిగాను. పద్నాలుగు. పుల్లలు పద్నాలుగు.

ఇవ్వడానికి అతనికి అభ్యంతరం లేదు. కాని పుల్లలు లాగేస్తే డాలియాలు నేల మీద పడతాయి, ఇంకో గంటలో ఎవరో పెద్దవాళ్ళు వస్తున్నారట, సూపర్‌వైజర్ ఫోటో తీస్తాడు. అతను ఆ మాట ఇంకా పూర్తి చెయ్యనేలేదు, యాదమ్మ లోపలికి వెళ్ళి పాత తుడుపు కర్రల కట్ట భుజాన వేసుకుని వచ్చింది. విరిగినవి, పక్కన పడేసినవి. నర్సింలు వాటిని ముక్కలు చేసి ఒక్కో కుండీలో గుచ్చుతుంటే, లావణ్య దారాలు విప్పి పూలు కట్టింది. దాని మెళ్ళో ఆఫీసు కార్డు మాటిమాటికి మట్టిలో పడుతోంది. నేను పుల్ల అందుకుని, అద్దంలా మెరిసే ఆ నేల మీదే కాళ్ళు చాపుకు కూర్చుని, సంచిలో అట్లాగే మిగిలిపోయిన నాచులో చుట్టాను. రిసెప్షన్ అమ్మాయి ఏమైనా అంటుందేమో అనుకున్నాను. ఆమె లేచి వచ్చి, తాగే నీళ్ళ సీసా ఒకటి నాచు తడపమని ఇచ్చింది.

క్యాంటీన్ భోజనం చెయ్యనేలేదు. యాదమ్మ చివరి పుల్ల నా చేతికి ఇచ్చే ముందు కాసేపు పట్టుకుని చూసింది. ఇవి బతుకుతయా అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. కొన్ని పోతాయి, కొన్ని బతుకుతాయి అన్నాను. తల ఊపింది.

రాయదుర్గం స్టేషన్లో తనిఖీ మిషన్ నా సంచిని లోపలికి మింగింది, ఈసారి అందులో కత్తి లేదు. అక్కడి సెక్యూరిటీ ఆయన పొట్లం విప్పించి, పుల్లల్ని చూసి, ఇవేందమ్మా అన్నాడు. చెట్టు అన్నాను. ఆయన ఒక్క క్షణం నా మొహం చూసి, పోండ్రి అన్నాడు.

ఇల్లు చేరాక

గురువారం పొద్దున బస్టాండు నుంచి తిన్నగా మా నర్సరీకే వెళ్ళాను. ఉల్లిపాయల కత్తిని మూడుసార్లు స్పిరిటుతో తుడిచి, సిద్ధంగా ఉన్న మొక్కలకు పద్నాలుగు అంట్లు కట్టాను. ఆ రోజే అక్కడ ర్యాంపు పని మొదలైందని లావణ్య చెప్పింది.

తర్వాత మూడు వారాలు పొద్దునా సాయంత్రం ఆ అంట్ల దగ్గరే తిరిగాను. ఆరు నల్లబడ్డాయి. రెండు ఉబ్బి, ఆశ పెట్టి, ఎండిపోయాయి. మిగతా ఆరింటికి మొగ్గ విచ్చింది.

కాపు రావాలంటే మూడేళ్ళు పడుతుంది. వచ్చే ఏడాది నేను రిటైరవుతాను. ఆ పండులో చేదు ఎందుకు పుట్టదో, ఏ పదార్థం లోపించిందో, ఏ ఎంజైమ్ నిద్రపోతోందో తేల్చేది నా తర్వాత వచ్చే వాళ్ళే. దానికి నాకు బాధగానే ఉంది. ఒక అంటు మాత్రం ఈ వానాకాలంలో పెద్ద కుండీలో పెట్టి యాదమ్మ గది ముందుకు చేరుస్తానని మాటిచ్చాను. మెట్రోలో కుండీ పట్టుకెళ్ళనిస్తారో లేదో లావణ్య కనుక్కుంటోంది.

యాదమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. బాగున్నారా, తిన్నారా అన్న తర్వాత ఒకటే అడుగుతుంది, ఆకులు ఎన్ని వచ్చాయని. పోయిన ఆదివారం మొదటి మొక్కకు అయిదు ఆకులు లెక్కపెట్టి చెప్పాను. అయిదూ తనూ పైకి లెక్కపెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"ఇగ వాటిని ఎవ్వరినీ గిల్లనియ్యకు అక్కా."